తూము మన చేతిలో ఉండాలి
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి వినియోగ యుగంలో పొదుపుగా బ్రతకడం ఎట్లా అనే అంశం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. ప్రత్యేక సంచికలో వేయడానికి వీలుగా రాసుకొని రమ్మన్నారు కూడా. 1973లో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి, 2008లో పదవీ విరమణ చేసేదాకా ముప్పై అయిదేళ్లు నోట్ ఫైళ్లు రాసినవాణ్ణి. రాయడం నాకు కొత్త కాదు. అయితే ఆ రోజుల్లో నేను రాసినదాని మీద పైఅధికారి సంతకం ఉండేది. ఈరోజు చెప్పే మాటలకు నాదే బాధ్యత.

డిసెంబరు 17ను మనం పెన్షనర్ల దినోత్సవంగా ఎందుకు జరుపుకుంటామో మీకందరికీ తెలుసు. వెంట వచ్చిన పిల్లల కోసం చెబుతున్నాను. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు ఇచ్చింది. పింఛను దయాదాక్షిణ్యం కాదు, ఉద్యోగి హక్కు అని ఆ తీర్పు సారాంశం. ఉద్యోగంలో ఉన్నప్పుడు చేసిన సేవకు అప్పుడే ఇవ్వకుండా నిలిపి ఉంచి, ముసలితనంలో ఇచ్చే జీతం అది. నా ప్రసంగానికి ఇదే మొదటి మాట. మన పింఛనే ఒక పొదుపు. మనకు తెలియకుండా, మన చేతికి రాకుండా, ముప్పై ఏళ్ల పాటు మన పేర జరిగిన పొదుపు. ఆ కట్టుబాటు లేకుండా ఆ డబ్బంతా నెలనెలా మన చేతికే ఇచ్చి ఉంటే, ఈ హాలులో ఎంతమంది ఈరోజు నిశ్చింతగా కూర్చొని ఉండేవారో ఎవరికి వారు ఆలోచించుకోండి.

జి.పి.ఎఫ్. కోత, ఏ.పి.జి.ఎల్.ఐ. కోత పడినప్పుడల్లా మనం సణుక్కున్నవాళ్లమే. నా మొదటి జీతం అన్నీ కలుపుకొని మూడు వందలు దాటలేదు. అందులో కూడా కోతే! కానీ ఆడపిల్ల పెళ్లికి, ఇంటి పునాదికి, తండ్రి ఆపరేషనుకు ఆదుకొన్నది ఆ కోతలే. చేతికి వచ్చిన తర్వాత దాచుదామనుకొన్నది ఎప్పుడూ నిలవలేదు. చేతికి రాకముందే తెగినది నిలిచింది. పొదుపు శాస్త్రమంతా నాకు తెలిసినంతలో ఈ రెండు వాక్యాలే.

ఇక మన ప్రాంతం సంగతి. కోస్తావారికి పొదుపు అంటే మంచి అలవాటు. మనకు అది ప్రాణాధారం. మన జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే తేమను దిగవిడిచి వట్టి చేతులతో వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు మన దాకా వచ్చేసరికి అలసిపోతాయి. ఆ పడేదైనా సమయానికి పడుతుందన్న నమ్మకం లేదు. 1876–78 నాటి ధాత కరువును గురించి మా అవ్వకు వాళ్ల అవ్వ చెప్పిందట. 1950ల మొదట్లో వచ్చిన కరువులో గంజి కేంద్రాల దగ్గర చెంబులు పట్టుకొని నిలబడిన సంగతి మా అమ్మ చెప్పింది. 2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని దేశం మొత్తానికి మన నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారంటే, కరువుకు మన జిల్లా ఎంత పేరుపొందిందో ఊహించుకోవచ్చు.

ఇటువంటి నేల మీద మన పెద్దలు చేసిన తెలివైన పని చెరువు. అనంతపురం చెరువుకు అవతల బుక్కరాయసముద్రం ఉంది. పద్నాలుగో శతాబ్దంలో విజయనగర ప్రభువు బుక్కరాయల కాలంలో కట్టిన చెరువని, దానికి పెట్టిన అనంతసాగరమనే పేరు నుండే మన ఊరి పేరు వచ్చిందని చెబుతారు. ఏడాదిలో కొద్దిరోజులు మాత్రమే పడే వానను పట్టి ఉంచి, మిగతా రోజులకు కొలిచి వదలడమే చెరువు పని. చెరువుకు మూడు భాగాలు ముఖ్యం. నీటిని ఆపేది కట్ట. పొలానికి కొలతగా వదిలేది తూము. నిండిన తర్వాత ఎక్కువైన నీటిని పంపేది మరవ. తూము తాళం నీరుగంటి చేతిలో ఉండేది. ఎంత పెద్ద రైతయినా నీరుగంటిని దాటి తూము ఎత్తడానికి వీల్లేదు.

సంసారానికీ ఇవే మూడు కావాలి. ఆపదకని ముట్టుకోకుండా ఉంచిన మొత్తం కట్ట. నెల ఖర్చు తూము. నిండిన తర్వాత దానధర్మానికి, మనవళ్ల ముచ్చటకు, ఒక తీర్థయాత్రకు ఇచ్చేది మరవ. మరవ లేని చెరువుకు కట్ట తెగుతుంది. కనుక పొదుపు అంటే పిల్లికి బిచ్చం పెట్టకపోవడం అని ఎవరూ అనుకోవద్దు. తూము ఎవరి చేతిలో ఉన్నదన్నదే ప్రశ్న. ఈ రోజుల్లో మన తూము తాళం మన దగ్గర లేదు. అంగడివాడి చేతిలో ఉంది. ఇంకా సరిగా చెప్పాలంటే, మన జేబులోని ఫోను చేతిలో ఉంది.

ఈ కొనుగోళ్ల సంస్కృతి మన జిల్లాకు ఎప్పుడు వచ్చిందని ఆలోచిస్తే, టీవీతోనో ఫోనుతోనో వచ్చిందని అంటారు. నా లెక్కలో అంతకుముందే పొలం ద్వారా వచ్చింది. మా చిన్నతనంలో మెట్ట చేలల్లో కొర్ర, సజ్జ, జొన్న, రాగి, మధ్యలో కంది, అలసంద, అనుములు వేసేవారు. పండిందే తినేవారు. సంగటి, చింతాకు పప్పు, పచ్చి మిరపకాయ నూరిన కారం. అంగడి నుండి వచ్చేవి ఉప్పు, కిరసనాయిలు, బెల్లం, బట్ట. తర్వాత వేరుశనగ వచ్చింది. చేతికి రొక్కం వచ్చింది. నేను వేరుశనగను తిట్టను. మనలో చాలామంది చదువులు ఆ శనక్కాయల డబ్బుతోనే సాగాయి. కానీ చేలన్నీ ఒకే పైరైపోయాక ఇంటి తిండి గింజ కూడా అంగడిలో కొనాల్సి వచ్చింది. వాన తప్పితే పైరూ పోయె, కొనడానికి రొక్కమూ లేకపోయె. అంతకుముందు కరువు వస్తే గాదె ఖాళీ అయ్యేది. ఆ తర్వాత కరువు వస్తే అప్పు మిగలడం మొదలైంది. కొనుక్కొని బ్రతకడం ఆనాడు మొదలైన అలవాటు. ఈనాటి సెల్ ఫోను దానికి కొనసాగింపు.

మన ఉద్యోగుల ఇళ్లలో ఫెస్టివల్ అడ్వాన్సుతో బట్టలు, వాయిదాల మీద ప్రెషర్ కుక్కరు, ఫ్యాను, తర్వాత టీవీ వచ్చాయి. అప్పుడు వాయిదా అంటే కొంత సిగ్గు ఉండేది. వసూలుకు వచ్చే మనిషి సైకిలు ఇంటి ముందు ఆగితే పక్కింటివాళ్లు చూస్తారని భయం. ఇప్పుడు ఆ మనిషీ లేడు, ఆ సైకిలూ లేదు. బ్యాంకు ఖాతాలో నుండి నిశ్శబ్దంగా తెగుతుంది. సిగ్గు పోయింది, భయం పోయింది. వడ్డీ మాత్రం పోలేదు.

మా మనవడు ఒకరోజు "తాతా, నెలకు పన్నెండు వందలే" అంటూ ఒక ఫోను చూపించాడు. అంగడిలో దాని ధర 24,000. నెలకు 1,200 చొప్పున ఇరవై నాలుగు నెలలు. వాణ్ణి కోప్పడలేదు. కాగితం, పెన్సిలు ఇచ్చి గుణించమన్నాను. 28,800 అని రాశాడు. "నాలుగువేల ఎనిమిది వందలే కదా ఎక్కువ, రెండేళ్లకు" అన్నాడు. మన ఊరి వడ్డీ లెక్కలో చెబుతాను చూడు అన్నాను. అసలు నెలనెలా తగ్గుతూ వస్తుంది కనుక లెక్క వేస్తే అది నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ. అంటే ఏడాదికి 18 శాతం. మా నాన్న రూపాయిన్నర వడ్డీకి అప్పు తెచ్చినరోజు ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. బావి తవ్వకానికి తెచ్చిన అప్పు అది. నువ్వు ఫొటోలు తీసుకోవడానికి అదే వడ్డీ ఇస్తున్నావు, ఇవ్వదలుచుకొంటే ఇవ్వు, తెలిసి ఇవ్వు అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, ఆరు నెలలు ఆగి, దాచుకొన్న డబ్బుతో అంతకంటే తక్కువ ధరది కొన్నాడు. పిల్లలు మొండివాళ్లు కారు. వాళ్లకు శాతాల్లో చెబితే అంటదు. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అన్న మన భాష వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఆ పని మనది.

క్రెడిట్ కార్డు బాకీ గడువులోగా పూర్తిగా కట్టకపోతే చాలా కార్డుల మీద పడే వడ్డీ నెలకు నూటికి మూడు రూపాయల పైమాటే. మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాడిని మన ఊళ్లలో ఏమని పిలిచేవారో మీకు తెలుసు. ఇప్పుడు ఆ మనిషికి మెరిసే కార్డు ఉంది, అంతే తేడా. ఇక ఫోనులో అయిదు నిమిషాల్లో అప్పు ఇచ్చే యాప్‌లు. వాటిలో కొన్ని మన ఫోనులోని పేర్లు, ఫొటోలు లాగి, బాకీ తీరలేదని చుట్టాలందరికీ పంపి పరువు తీసి, పిల్లలు ప్రాణాలు తీసుకొనేదాకా తెచ్చిన వార్తలు పత్రికల్లో చదివాం. మీ ఇంట్లో పిల్లవాడు ముభావంగా ఉంటే మార్కుల గురించే కాదు, అప్పు గురించి కూడా మెల్లగా అడగండి. "ఎంతయినా ఫరవాలేదు, ముందు నాకు చెప్పు" అనే మాట మన నోటి నుండి ముందే వాడి చెవిన పడి ఉండాలి. అది మనం ఇవ్వగల అన్నింటికంటే పెద్ద ఆస్తి.

వడ్డీ లెక్క ఇంకో వైపు నుండి కూడా చూడాలి. మనం ఇచ్చే వడ్డీ సంగతి చెప్పాను. మనకు వస్తుందని ఆశపెట్టే వడ్డీ సంగతి ఇప్పుడు. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం 2004లో వచ్చింది. దానికి 2023 ఏప్రిల్‌లో 8.2 శాతం వడ్డీ నిర్ణయించారు. గరిష్ఠ పరిమితిని కూడా అప్పుడే 15 లక్షల నుండి 30 లక్షలకు పెంచారు. ఆ రేటున లక్షకు మూడు నెలలకు 2,050 రూపాయలు వస్తుంది. రేట్లను ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది కనుక వేసేముందు పోస్టాఫీసులో అడిగి తెలుసుకోండి. మన భాషలో 8.2 శాతమంటే నూటికి నెలకు అరవై ఎనిమిది పైసలు. భారత ప్రభుత్వం పూచీ ఉండి ఇచ్చేది ఇది. అటువంటప్పుడు ఎవడో ఒకడు వచ్చి, మనవాడే కావచ్చు, కులంవాడే కావచ్చు, పాత సహోద్యోగే కావచ్చు, రెండు రూపాయల వడ్డీ ఇప్పిస్తానంటే ఒక్క ప్రశ్న అడగండి: నాకు రెండు రూపాయలు ఇవ్వాలంటే నువ్వు ఎంత సంపాదించాలి, ఎక్కడ సంపాదిస్తావు? వ్యవసాయంలో అంత రాదని మన జిల్లావాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

అగ్రిగోల్డ్ సంగతి అందరికీ తెలిసినదే. 2014–15 నాటికి చెల్లింపులు నిలిచిపోయి లక్షలాది డిపాజిట్‌దారులు వీధిన పడ్డారు. వారిలో మన జిల్లావాళ్లు, రోజుకూలీలు, పూలమ్ముకొనేవాళ్లు ఉన్నారు. 2019లో పదివేల లోపు కట్టినవారికి, 2021లో ఇరవై వేల లోపు వారికి రాష్ట్ర ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. అంతకు మించి కట్టినవారి నిరీక్షణ అక్కడితో తీరలేదు. మా సెక్షన్లో పనిచేసిన ఒక సూపరింటెండెంటు ఇలాగే తన గ్రాట్యుటీలో సగం రిజిస్టర్ కాని చీటీలో పెట్టాడు. చీటీ నడిపినవాడు ఒక రాత్రి ఇంటికి తాళం వేసి వెళ్లిపోయాడు. మా మిత్రుడు డబ్బు పోయినందుకు కాదు, భార్యకు చెప్పకుండా పెట్టినందుకు కుమిలిపోయాడు. చీటీ వేయదలచినవారు 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయినదో కాదో చూసుకోండి. బ్యాంకు డిపాజిట్లకు బీమా 2020 ఫిబ్రవరి 4 నుండి లక్ష నుండి అయిదు లక్షలకు పెరిగింది. అది ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి, అసలూ వడ్డీ కలిపి. అంతకు మించి ఉంటే రెండు బ్యాంకుల్లో పెట్టుకోవడం మేలు. ట్రెజరీ నుండి మాట్లాడుతున్నాం, లైఫ్ సర్టిఫికెట్ ఆగిపోయింది, ఓటీపీ చెప్పండి అని ఫోను వస్తే వెంటనే పెట్టేయండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.

ఇప్పుడు రెండో వైపు. పొదుపును గురించి మాట్లాడేవారు సాధారణంగా చెప్పని విషయం ఇది. ఏది తగ్గించకూడదో తెలియని పొదుపు ప్రమాదం. ధాత కరువు రోజుల్లో 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి ఖర్చు తగ్గించాలని కరువు పనుల కూలీ భత్యాన్ని మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి చిల్లరకు దించాడు. పౌను అంటే మన లెక్కన అర కిలో కూడా కాదు. దానితో రోజంతా రాళ్లు మోయాలి. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అనే వైద్యుడు, ఇది మనుషులు బ్రతికే తిండి కాదని గట్టిగా వాదించాడు. ఖజానాకు మిగిలింది, మనుషులు మిగలలేదు. ఒంటిని కోసి ఖజానా నింపడం పొదుపు కాదు.

మనలో చిన్న టెంపుల్ దొరలు చాలామంది ఉన్నారు. బి.పి. మాత్ర రోజుకొకటి వేసుకోమంటే రోజు విడిచి రోజు వేసుకొని నెల మందును రెండు నెలలు వాడుకొనేవారిని నేను చూశాను. అట్లా చేసిన మిత్రుడొకరికి పక్షవాతం వచ్చి ఆసుపత్రికి అయిన ఖర్చు, జీవితకాలం మందులకయ్యే ఖర్చు కంటే ఎక్కువైంది. కళ్లద్దాలు మార్చకుండా మెట్ల మీద పడినవారున్నారు. చెవి మిషను కొనకుండా మనవళ్ల మాటలు వినిపించక మూలన కూర్చొన్నవారున్నారు. మందు, అద్దాలు, పళ్లు, రోజుకొక గ్లాసు పాలు, బాత్‌రూములో పట్టుకోవడానికి ఒక కడ్డీ. వీటి దగ్గర చేయి వెనక్కి తీయవద్దు. జనరిక్ మందుల అంగళ్లలో అదే మందు చౌకగా దొరుకుతుంది. డాక్టరుగారిని అడిగి అది తీసుకోండి. పొదుపు అక్కడ చేయండి, మాత్రలో కాదు. మన సంగటి, కొర్రన్నం పేదవాళ్ల తిండి అని వదిలేసినవాళ్లం, ఇప్పుడు అవే చిరుధాన్యాలు అందమైన ప్యాకెట్లలో సన్న బియ్యం కంటే ఎక్కువ ధరకు కొంటున్నాం. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కూడా. ప్యాకెట్టు మీద బొమ్మకు డబ్బు ఇవ్వకండి. సంతలో శేర్ల లెక్కన తెచ్చుకోండి.

పెళ్లిళ్లు, పండుగల సంగతి ఒక్కమాట. అక్షయ తృతీయ నాడు బంగారం కొనకపోతే లక్ష్మి అలుగుతుందని మా చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరూ చెప్పలేదు. అది నగల అంగళ్ల ప్రకటనలు నేర్పిన ఆచారం. ఉగాది పంచాంగ శ్రవణంలో మాత్రం మన రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని చెప్పించుకొనేవాళ్లం. జ్యోతిషం నమ్మినా నమ్మకున్నా, ఏడాది మొదటి రోజున ఆదాయ వ్యయాల మాట ఇంటిల్లిపాదీ కూర్చొని వినడం మన పద్ధతి. ఆ రోజునే మన ఇంటి అసలు లెక్క కూడా కాగితం మీద రాసి అందరికీ చదివి వినిపిస్తే ఎంత బాగుంటుంది!

అన్నిటికంటే ముఖ్యమైన మాటకు వస్తున్నాను. ఈ హాలులో ముందు వరుసల్లో మగవాళ్లం కూర్చొన్నాం, పొదుపు మీద ఉపన్యాసాలు చెబుతున్నాం. నిజానికి మన ఇళ్లలో పొదుపు చేసినది ఎవరు? జీతం తెచ్చి ఇచ్చాం, నిజమే. ఆ మూడు వందల్లో ఇల్లు నడిపి, పాత చీరను బొంతగా కుట్టి, మిగిలిన చారును మరుపూటకు దాచి, ఇంటికి ఎవరొచ్చినా లేదనకుండా అన్నం పెట్టి, అందులోనే పది రూపాయలు పోపుల డబ్బాలో దాచినది ఇంటావిడ. 2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దు అయినప్పుడు ఆ డబ్బాలు, బియ్యం డ్రమ్ములు, ట్రంకు పెట్టెల అడుగున కాగితాల కింద దాచిన డబ్బు బయటపడింది. బ్యాంకుల ముందు వరుసల్లో ఆడవాళ్లు ఆ నోట్లను కొంగు చాటున పట్టుకొని దొంగతనం చేసినవాళ్లలా నిలబడ్డారు. మా ఇంట్లో ఆమె తెచ్చి ముందు పెట్టిన మొత్తం చూసి నాకు మాట రాలేదు. రిటైరయ్యాక కంటి ఆపరేషను గడ్డం నుండి బయటపడితే చాలని నేను బెంగపడిన రోజుల్లో ఆ మనిషి దగ్గర అంత ధైర్యం దాచి ఉంది. మరుసటి వారమే ఆ సొమ్ము ఆమె పేరనే, ఆమె సంతకంతో నడిచే ఖాతాలో వేశాం.

మన రాష్ట్రంలో పొదుపు ఉద్యమం ఆడవాళ్లదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. సారాకు పోయే రూపాయిని మిగిల్చిన ఆ మహిళలే రోజుకొక రూపాయి దాచే సంఘాలు పెట్టారు. 2000 సంవత్సరంలో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో మన జిల్లా ఒకటి. ఈరోజు పల్లెకు పోతే చదువురాని అమ్మ కూడా తన సంఘం అప్పు ఎంత, వడ్డీ ఎంత, వాయిదా ఎప్పుడు అనేది నోటికి చెబుతుంది. మన పెన్షనర్ల ఇళ్లలో డిగ్రీ చదివిన ఆవిడకు మాత్రం భర్త పి.పి.ఓ. నంబరు తెలియదు. ఇది మనకు గౌరవమా?

మనం పోయిన తర్వాత వచ్చే కుటుంబ పింఛను, కొంతకాలం గడిచాక, మనం తీసుకొనేదానికంటే బాగా తగ్గుతుంది. అప్పుడు ఆమెకు కట్ట కావాలి. అందుకే మిత్రులారా, మీ అందరినీ ఒక పని అడుగుతున్నాను. ఈ వారంలో ఒక సాయంత్రం టీవీ ఆపి ఇద్దరూ కూర్చోండి. ఒక అట్ట ఫైలు తీసుకోండి. పి.పి.ఓ. నకలు, పాసు పుస్తకాలు, పోస్టాఫీసు సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజు నకలు, బాకీలు, రావలసినవి అన్నీ ఒక్కొక్కటిగా చూపి అందులో పెట్టండి. ప్రతి దాని మీద నామినీ ఎవరున్నారో చూడండి. పెళ్లికి ముందు తల్లి పేరు రాసి, ఆమె కాలం చేసి ముప్పై ఏళ్లయినా మార్చనివారు మనలో ఉన్నారు. మన సంఘ కార్యాలయానికి కన్నీళ్లతో వచ్చే సోదరీమణుల్లో చాలామందికి డబ్బు లేక కాదు కష్టం, ఉన్న డబ్బు ఎక్కడుందో తెలియక.

పిల్లల విషయం. రిటైర్మెంటు డబ్బు అందిన నెలలో కొడుకులకు వ్యాపారం, అల్లుడికి ప్లాటు గుర్తుకొస్తాయి. వాళ్లది దురాశ అనను, వాళ్ల అవసరం వాళ్లది. మరవ నుండి ఇవ్వండి, కట్ట తెగ్గొట్టి ఇవ్వకండి. ఇల్లు రాసిచ్చేటప్పుడు, జీవించి ఉన్నంతవరకు మమ్మల్ని చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ఆ షరతు తప్పితే రాసిచ్చినది రద్దు చేయించుకొనే హక్కు ఇచ్చింది. షరతు రాయించడం అపనమ్మకం కాదు. తూముకు తలుపు పెట్టడం చెరువు మీద అపనమ్మకమా?

ఇక్కడికి వచ్చిన యువతీ యువకులకు చివరి మాట. మీ తాతలు పొదుపు గురించి చెప్పడం తేలిక, వాళ్లకు నెల మొదట్లో పింఛను పడుతుంది అని మీరు అనుకోవచ్చు. అది నిజం. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుండి ఉద్యోగంలో చేరినవారికి మాకున్న పాత పింఛను వర్తించలేదు. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవారి సంగతి చెప్పనక్కరలేదు. మాకు ప్రభుత్వం బలవంతాన చేసిన పొదుపు మీరు మీకై మీరు చేసుకోవాలి. అంటే మా కంటే మీకే పొదుపు ఎక్కువ అవసరం, మా కాలంలో కంటే మీకే ప్రలోభాలు ఎక్కువ. కనుక మిమ్మల్ని తప్పు పట్టను. లెక్క ఒకటి చెబుతాను. నెలకు 2,000 చొప్పున ముప్పై ఏళ్లు కడితే మీరు వేసింది 7,20,000. ఏడు శాతం వడ్డీ పడితే చేతికి సుమారు 24 లక్షలు వస్తుంది. పదేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టి ఇరవై ఏళ్లు కడితే సుమారు 10 లక్షలే. ఆ మొదటి పదేళ్లలో మీరు వేసే 2,40,000 విలువ చివరికి 14 లక్షలు! జీతం పడిన రోజునే తెగేటట్లు బ్యాంకులో రాసి ఇవ్వండి. మిగిలినదే జీతం అనుకోండి. మేము అట్లాగే బ్రతికాం.

కొనవద్దని చెప్పడానికి నేను రాలేదు. ఈ వయసులో నేను కూడా ఫోనులో మనవరాలి ముఖం చూస్తేనే నిద్రపోతాను. కొనేముందు మూడు రోజులు ఆగండి. మూడు రోజుల తర్వాత కూడా కావాలనిపిస్తే, చేతిలో డబ్బు ఉంటే, ఇంట్లో ఇద్దరికీ సమ్మతమైతే కొనండి, సంతోషంగా వాడుకోండి. ఆ మూడింటిలో ఏది లేకున్నా ఆగండి. అంతకంటే పెద్ద సూత్రం నా దగ్గర లేదు.

వచ్చే నెల సర్వసభ్య సమావేశం నాటికి అట్ట ఫైలు తయారు చేసుకొన్నవారు చేతులెత్తాలని కార్యదర్శిగారు అడగాలని కోరుతున్నాను. మగవాళ్లను కాదు, వారి ఇంటావిడలను అడగాలి. ఫైలు ఎక్కడుందో చెప్పగలిగినవారి ఇంట్లోనే పొదుపు ఉన్నట్లు లెక్క.

సకాలంలో వానలు పడి మన చెరువులన్నీ మరవ పోవాలని కోరుకొంటున్నాను.